తలనొప్పికి పేరు పెట్టుటకు ముందు



మార్గశిర మాసము ప్రవేశించినది మొదలు మన యిండ్లలో తెల్లవారుజామున వినవచ్చు మాట యొక్కటి కలదు. "తల దిమ్ముగా నున్నది" అనుటయే ఆ మాట. మంచుగాలికి పడిశము పట్టును. ముక్కులు బిగిసికొనిపోవును. కనుబొమల నడుమ బరువు తోచును. ముగ్గు పెట్టుటకు వంగినచో నుదురు పగిలిపోవుచున్నట్లుండును. ఐనను ఇల్లాలు తలకు గుడ్డ బిగించికొని, శొంఠి గంధము తీసి పట్టు వేసికొని, పొయ్యి చెంతకు పోవుచునే యుండును. ఇంటి యజమానునకు రెండు తుమ్ములు వచ్చినచో ఇంటిల్లిపాదియు కలవరపడుదురు. ఇల్లాలి తలనొప్పి మాత్రము జబ్బుల లెక్కలో చేరదు. "తలనొప్పి కూడ నొక రోగమా" యని ఇతరులనుట అటుంచి, తుదకు ఆమెయే అట్లనుకొనుచుండును.

ఇటీవల ఈ నొప్పికి ఒక పేరు దొరకినది. ఎవరినడిగినను "నాకు సైనసు ఉన్నది" యని చెప్పుచున్నారు. పేరు దొరకినందున మనస్సునకు కొంత నెమ్మది కలుగుట నిజమే. కాని సైనసు అనునది రోగము పేరు కాదు. అది మన ముఖములోని యెముకలయందుండు గాలి గది పేరు. "నాకు సైనసు ఉన్నది" యనుట "నాకు మోకాలు ఉన్నది" యనుట వంటిదే. ఆ గదికి వాపు వచ్చినదా, లేక నొప్పి మరియొక చోటనుండి వచ్చి అచ్చట తోచుచున్నదా యనునది తెలిసికొనవలసిన సంగతి. ఈ భేదము తెలియక కొందరు సోదరీమణులు లేని రోగమునకు ఏండ్ల తరబడి మందులు మ్రింగుచున్నారు. మరికొందరు ఉన్న రోగమును "వట్టి పడిశమే" యని యుపేక్షించి ప్రాణము మీదికి తెచ్చికొనుచున్నారు. నేను వైద్యురాలను కాను. ఐనను, చదివియు విచారించియు తెలిసికొన్నంతవరకు ఈ భేదమును ఈ నెల మీకు విన్నవించెదను.

మన ముక్కు చుట్టును ఇట్టి గదులు నాలుగు జతలు కలవు. బుగ్గ యెముకలలో పెద్దవి రెండు. నుదుటియందు కనుబొమలపైన రెండు. రెండు కన్నుల నడుమ తేనెపట్టు కండ్లవలె చిన్న చిన్న యరలు గల గుంపులు రెండు. మిక్కిలి లోతుగా, తలకు నడిమి భాగమున, రెండు. శిశువు పుట్టునప్పటికి బుగ్గ గదులును కన్నుల నడిమి యరలును చిన్నవిగా నుండును. నుదుటి గదులు బాల్యములో క్రమముగా నేర్పడి యౌవనము వచ్చువరకు పెరుగుచుండును. కావున నాలుగేండ్ల పసివానికి నుదురు నొచ్చినచో దానిని నుదుటి సైనసు నొప్పి యనుట పొసగదు.

బుగ్గలోని గదిని గూర్చి వివరముగా వ్రాసినవాడు నథానియేలు హైమోరు అను ఆంగ్లేయ వైద్యుడు. ఆయన గ్రంథము 1651వ సంవత్సరమున వెలువడెను. అందు ఒక స్త్రీ వృత్తాంతము కలదు. ఆమెకు పై పన్ను నొకదానిని తీసివేయగా ఆ రంధ్రమునుండి ద్రవము కారుచుండెను. ఆమె ఆ రంధ్రములో వెండి కడ్డీని చొనిపి చూచెను. పిమ్మట పక్షి యీకను చొనిపెను. ఈక లోలోపలికి పోవుట చూచి, అది మెదడునకే చేరినదని భయపడి వైద్యునొద్దకు పరుగెత్తెను. అది మెదడు కాదనియు, బుగ్గలోని ఖాళీ గది యనియు వైద్యుడు ఆమెకు ధైర్యము చెప్పెను. పై దవడ పండ్ల వేళ్లకును ఆ గదికిని నడుమ పలుచని యెముక మాత్రమే యున్నదను సంగతి ఈ కథవలన తేటపడును. దీని ప్రయోజనము మున్ముందు చెప్పెదను.

ఈ గదుల గోడలకు తడిగానుండు సన్నని పొర యొకటి యంటియుండును. ఆ పొరపై కంటికి కనబడని నూగు కలదు. గాలితో వచ్చు ధూళి ఆ పొరయందలి జిగురునకు అంటుకొనును. నూగు ఆ జిగురును చీపురు వలె ఊడ్చుచు గది ద్వారము వైపునకు నడపును. ఆ ద్వారము మిక్కిలి సన్ననిది. బుగ్గ గదికి అది అడుగున గాక పైభాగమున నున్నది. తూము పైన గల తొట్టి వంటిదన్నమాట. అందుచేత మనము నిలిచియున్నపుడు నీరు తనంతట దిగిపోదు. నూగే దానిని పైకి మోయవలెను. ఆస్ట్రియా దేశమున గ్రాట్జు నగరములో మెసర్‌క్లింగరు అను వైద్యుడు ఈ నడకను చిరకాలము పరిశీలించెను. గదికి అడుగున మరియొక రంధ్రము చేసినను నూగు ఆ జిగురును పాత ద్వారమునకే మోసికొనిపోవుచుండుటను ఆయన కనిపెట్టెను. నేడు గొట్టపు దుర్బిణి సహాయముతో చేయు సైనసు శస్త్రచికిత్సలకు, సహజ ద్వారమునే విడల్పు చేయవలెనను ఈ సూత్రమే ఆధారము.

పడిశము పట్టినపుడు ముక్కులోని పొర వాచును. వాపు చేత ఆ సన్నని ద్వారము మూసికొనును. లోపలి జిగురు నిలిచి చిక్కబడును. అప్పుడు బరువును నొప్పియు కలుగును. నొప్పి పుట్టు చోటును గూర్చి 1940వ దశకమున అమెరికాలో హెరాల్డు వుల్ఫు అను వైద్యుడును ఆయన సహచరులును ఒక చిత్రమైన పరీక్ష చేసిరి. తమంతట ముందుకు వచ్చినవారి ముక్కులలో నొక్కొక్క భాగమును తాకి చూచిరి. గదుల లోపలి గోడలను తాకినపుడు నొప్పి స్వల్పమే. ద్వారముల యొద్దను, ముక్కులోని కండలను తాకినపుడు నొప్పి యధికము. కావున గది నిండినంత మాత్రమున గొప్ప నొప్పి కలిగి తీరవలెనని లేదు. దీర్ఘకాలముగా గదులు చెడియున్న అనేకులకు తలనొప్పి యంతగా నుండదను మాట విని మనము ఆశ్చర్యపడ నక్కరలేదు.

మన ప్రాచీన వైద్యులు కూడ ఈ సంబంధమును గమనింపక పోలేదు. నాసిక శిరస్సునకు ద్వారమని వారి యభిప్రాయము. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున పదునొకండు శిరోరోగములను చెప్పెను. అందు సూర్యావర్తము ఒకటి. అది సూర్యోదయముతో కనుబొమల యొద్ద మొదలై, ప్రొద్దెక్కిన కొలది పెరిగి, మధ్యాహ్నమునకు తీవ్రమై, ప్రొద్దు వాలిన కొలది తగ్గును. నుదుటి గది వాచినవారి నొప్పి యనేక పర్యాయములు ఇట్లే నడచునని నేటి వైద్యులును చెప్పుదురు. రాత్రి పండుకొనియున్నపుడు నిలిచిన ద్రవము ఉదయమున బాధించి, లేచి తిరుగాడగా క్రమముగా దిగిపోవుట యందుకు కారణమందురు. అర్ధావభేదకమను పేరుతో సగము తలనొప్పిని వారు వేరుగా పేర్కొనిరి. మనము పార్శ్వపు నొప్పి యనునదియు, నేటివారు మైగ్రేను అనునదియు ఇంచుమించు దానిని బోలినవే. రెంటిని వేరుపరచిన ఆ పూర్వుల విధమును మనము మరచితిమి. అన్నిటిని ఒకే పేరుతో పిలుచుచున్నాము.

ఇపుడు అసలు సంగతికి వత్తము. నిజముగా సైనసు వాపు వలన కలుగు నొప్పికి గుర్తులేవి? మొదట ముక్కు నడుగవలెను. ముక్కు దిబ్బడ వేసి, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో చిక్కని చీమిడి ముందుకో గొంతులోనికో దిగుచు, వాసన తగ్గి, బుగ్గనో నుదుటినో నొక్కినట్లు నొప్పి యుండి, వంగినపుడు అది హెచ్చుచున్నచో అది సైనసు వాపు కావచ్చును. పై పండ్లు పులిసినట్లుండుటయు, స్వల్ప జ్వరమును, రాత్రివేళ దగ్గును తోడు రావచ్చును. ముక్కు పొడిగా, శుభ్రముగా, వాసన చక్కగా తెలియుచుండగా తల మాత్రమే నొచ్చుచున్నచో, ఆ నొప్పిని సైనసు నెత్తిన వేయుటకు ముందు పదిమారులు ఆలోచింపవలెను.

తరువాత దినములను లెక్కింపవలెను. సాధారణ పడిశము సూక్ష్మమైన వైరసు వలన వచ్చును. మూడవ నాలుగవ దినమునకు హెచ్చి, పిమ్మట తగ్గనారంభించి, పది దినముల లోపల చాలవరకు పోవును. పడిశములలో నూటికి రెండింటికి మించి బాక్టీరియా వలని సైనసు వాపుగా పరిణమింపవని వైద్యుల లెక్క. పది దినములు గడచినను ఏ మాత్రము తగ్గకుండుట యొక గుర్తు. తగ్గినట్లే తగ్గి మరల జ్వరముతోను నొప్పితోను తిరుగబెట్టుట రెండవ గుర్తు. మొదటినుండియు 102 డిగ్రీల జ్వరముతో, చీమువంటి చీమిడితో మూడు నాలుగు దినములు బాధించుట మూడవ గుర్తు. ఈ మూటిలో నొకటి యున్నపుడు యాంటీబయాటిక్ మందు వలయునా యని వైద్యుడు ఆలోచించును. చీమిడి ఆకుపచ్చనైనంత మాత్రమున ఆ మందులు మ్రింగ నవసరము లేదు; వట్టి పడిశమునందును చీమిడి రంగు మారును. మిగిలిపోయిన బిళ్లలను పెట్టెలో దాచి, వచ్చే పడిశమునకు వాడుకొనుటయు, ప్రక్కింటివారికి పంచుటయు మన యిండ్లలో పొదుపుగా తలచుచున్నాము. అది పొదుపు కాదు. అట్లు వాడిన కొలది ఆ సూక్ష్మజీవులు మందునకు లొంగని వగును. పండ్రెండు వారములకు పైబడినచో దానిని దీర్ఘకాలపు సైనసు వాపందురు. దాని చికిత్స వేరు.

ఇక పొరపాటు పడు చోటు చెప్పెదను. 2004వ సంవత్సరమున అమెరికాలో ఒక పరిశోధన ప్రకటింపబడెను. తమకు సైనసు తలనొప్పి యున్నదని తామే నిశ్చయించుకొన్నవారిని, లేక వైద్యులు అట్లు చెప్పినవారిని, 2,991 మందిని పరీక్షించిరి. వారిలో నూటికి 88 మందికి మైగ్రేను లక్షణములే యుండెను! ఇట్టి పొరపాటునకు కారణము కలదు. ముఖమున కంతటికిని స్పర్శజ్ఞానము నిచ్చు నాడి రెండు వైపుల నొక్కొక్కటి కలదు. మైగ్రేను ఆ నాడినే రేపును. దానితోపాటు కంటినీటికిని ముక్కునీటికిని కారణమగు నాడులు కూడ రేగును. అందువలన పార్శ్వపు నొప్పి వచ్చినపుడు కన్ను నీరు కారుట, ముక్కు బిగియుట, బుగ్గ బరువెక్కుట తటస్థించును. మబ్బు పట్టినపుడును, గాలి మారినపుడును వచ్చుట కూడ రెంటికి పొత్తే. చూచువారు "ఇది సైనసే" యనుకొనుటలో వింత లేదు.

మా వీధిలో ఒక ఇల్లాలు కలదు. ఆమెకు నెలకు మూడు నాలుగు మారులు కుడి కంటిపైన పోటు పుట్టి, కన్ను నీరు కారి, ముక్కు బిగియుచుండెడిది. ఆరేండ్లు దానిని సైనసు అనిరి. ఎన్ని మారులు యాంటీబయాటిక్ మందులు వాడెనో లెక్క లేదు. ఒక వైద్యుడు శస్త్రచికిత్స చేయవలెననెను. దానికై పుస్తెలతాడు తాకట్టు పెట్టుటకును సిద్ధపడిరి. ఇంతలో మరియొక వైద్యురాలు ఆమెను కూర్చుండబెట్టి, నొప్పి వచ్చినపుడు నీవేమి చేయుదువని యడిగెను. "తలుపులు మూసికొని చీకటిలో పడుకొందును, పోపు వాసన తగిలినచో వాంతి యగును, పిల్లల మాట కూడ సమ్మెటపోటు వలె నుండును" అని ఆమె చెప్పెను. నొప్పి యున్న దినమున సి.టి. స్కాను తీయగా గదులన్నియు నిర్మలముగా నుండెను. పార్శ్వపు నొప్పికి తగిన చికిత్స జరిగిన పిమ్మట ఆ నొప్పి రెండు మూడు నెలలకు ఒక మారు మాత్రమే వచ్చుచున్నది. కాని గడచిన ఆరేండ్లలో చీకటి గదిలో గడపిన పండుగలును, "పని తప్పించుకొనుటకు పడుకొన్నది" యని పడిన మాటలును తిరిగిపోవునా?

మైగ్రేను పురుషులకంటె స్త్రీలకు సుమారు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు వెనుకల అది తరచు వచ్చును. చికిత్స లేనిచో ఒక్కొక్క మారు 4 గంటలు మొదలు 72 గంటల వరకు నుండును. 2003లో వైద్యులు దానిని పసికట్టుటకు మూడు సులభమైన ప్రశ్నలను నిర్ణయించిరి. నొప్పితోపాటు కడుపులో త్రిప్పునా? వెలుతురు బాధించునా? గడచిన మూడు మాసములలో ఒక దినమైనను ఆ నొప్పి మీ పనిని ఆపినదా? ఈ మూటిలో రెంటికి "ఔను" అనినచో అది మైగ్రేను కావచ్చునని తలచి వైద్యునితో ఆ మాట చెప్పవలెను.

ఇంకను కొన్ని నొప్పులు సైనసు వేషమున వచ్చును. హైమోరు వర్ణించిన స్త్రీని జ్ఞప్తికి తెచ్చికొనుడు. పై దవడ పన్ను పుచ్చి వేరు చెడినచో ఆ చెరుపు పలుచని యెముకను దాటి బుగ్గ గదిలో ప్రవేశించును. ఒక్క వైపుననే బుగ్గ నొప్పియు, ఆ వైపు ముక్కునుండియే దుర్గంధము గల చీమిడియు వచ్చుట దీని గుర్తు. మా బంధువులలో పెద్దావిడ యొకతె రెండేండ్లు ముక్కునకు మందు వేసికొనెను. తుదకు పంటి వైద్యుడు వేరును బాగు చేయగానే ముక్కు కూడ బాగుపడెను. ముఖము కడుగుకొనునపుడో, నమలునపుడో మెరుపు మెరసినట్లు క్షణకాలము బుగ్గలో భయంకరమైన పోటు వచ్చినచో అది నాడి నొప్పి. కన్ను ఎఱ్ఱబారి, చూపు మసకయై, దీపము చుట్టు రంగుల వలయములు కనబడుచు తల నొచ్చినచో అది కంటి లోపలి యొత్తిడి కావచ్చును. ఆ దినముననే కంటి వైద్యుని చూడవలెను. ఏబదియేండ్లు దాటినవారికి కణతలయొద్ద క్రొత్తగా నొప్పి పుట్టి, తల దువ్వుకొనినను, నమలినను బాధించినచో జాగు చేయరాదు. చూపు పోవు ప్రమాదము కలదు.

పడిశముతో కూడిన సైనసు నొప్పికి ఇంటిలో చేయదగిన వేవి? విశ్రాంతి, గోరువెచ్చని నీరు, చారు, బుగ్గలపై వేడి గుడ్డ కాపు మంచివి. నొప్పికి పారాసిటమాలు వైద్యుడు చెప్పిన మోతాదులో చాలును. ఒక వైపు బుగ్గ నిండినట్లు తోచినచో ఆ వైపు పైకి వచ్చునట్లు ఒత్తిగిల్లి పండుకొనుడు. ద్వారము పైన నున్నదని చెప్పితిని గదా, ఆ భంగిమలో అది క్రిందుగా వచ్చి ద్రవము జారుటకు వీలగును. వావిలాకు, తులసాకు వేసిన నీటి యావిరి పట్టుట మన వాడుక. దానివలన తలబరువు కొంత తేలికపడును గాని రోగము తుదముట్ట నశింపదు. మరుగుచున్న గిన్నెపై వంగి దుప్పటి కప్పుకొనునపుడు గిన్నె తలక్రిందులై కాళ్లు కాలినవారు కలరు. పిల్లలకు ఆవిరి పట్టింపనే కూడదు. పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చుట యొక వాడుక. వాచిన పొరకు ఏ పొగయైనను చెరుపే. దానిని మానుట మేలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆరంభించిన అమృతాంజనము నాటినుండి మన యింటింట నిట్టి లేపనములు వెలసినవి. అందలి పుదీనా పువ్వు వలన ముక్కు తెరచుకొన్నట్లు తోచును, హాయియు కలుగును. కాని లోపలి ద్వారము దానివలన తెరచుకొనదు. కర్పూరము గల లేపనములను పసిబిడ్డల ముక్కులకు ఎన్నడును రాయకుడు. అది వారికి విషము.

ఉప్పునీటితో ముక్కు కడుగుట మన హఠయోగులు నేతి యని చెప్పిన శుద్ధికి చేరినది. నేటి వైద్యులును, ముఖ్యముగా దీర్ఘకాలపు వ్యాధికి, దానిని మెచ్చుకొనుచున్నారు. అర లీటరు నీటికి అయొడిను కలియని ఉప్పు సుమారు 5 గ్రాములు, అనగా ఒక టీ చెంచా, చిటికెడు వంటసోడా చేర్చవలెను. చిన్న కొమ్ముచెంబుతో ఒక ముక్కున పోసి రెండవ ముక్కునుండి విడువవలెను. కాని నీటి విషయమున ఒక్క నియమమును ప్రాణమువలె కాపాడవలెను. కుళాయి నీటిని, నూతి నీటిని పచ్చిగా ముక్కులో పోయరాదు. మూడు మొదలు ఐదు నిమిషముల వరకు తెర్ల కాచి, మూతపెట్టి చల్లార్చిన నీరే పోయవలెను. నీటిలో అమీబా యను సూక్ష్మజీవి యొకటి యుండవచ్చును. త్రాగినచో అది హాని చేయదు. ముక్కున బడినచో మెదడునకు పాకి ప్రాణము తీయును. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కుళాయి నీటితో ముక్కు కడుగుకొన్న ఇద్దరు ఇట్లే మరణించిరి. అమీబా వలని మెదడు వ్యాధి 2024, 2025 సంవత్సరములలో కేరళ రాష్ట్రమున పలువురకు సోకినది. చెంబును కూడ ప్రతి మారును కాచిన నీటితో కడిగి ఆరబెట్టవలెను.

అంగడిలో దొరకు ముక్కు చుక్కలను గూర్చి ఒక మాట. క్షణములో ముక్కు తెరచు చుక్కలు కలవు; వాటిపై ఆక్సీమెటజోలిను, జైలోమెటజోలిను అను పేర్లుండును. వాటిని ఐదు దినములకు మించి వేయరాదు. వేసినచో చుక్క లేనిదే ముక్కు తెరచుకొనని స్థితి వచ్చును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును. నొప్పి బిళ్లల సంగతియు నట్టిదే. నెలకు పదునైదు దినములు, లేక అంతకు మించి, మూడు మాసములపాటు సాధారణపు నొప్పి బిళ్లలు వాడువారికి ఆ బిళ్లలే తలనొప్పిని తెచ్చిపెట్టును. కలిపి చేసిన బిళ్లలైనచో పది దినములే యా హద్దు. దీర్ఘకాలపు వాపునకు వైద్యులిచ్చు స్టెరాయిడు ముక్కు మందు వేరు; అది వెంటనే ఫలము చూపదు, కొన్ని వారములు విడువక వాడవలెను. దానిని కుడి ముక్కున ఎడమ చేతితోను, ఎడమ ముక్కున కుడి చేతితోను, నడిమి గోడకు తగులకుండ వెలుపలి వైపునకు కొట్టుకొనవలెను. గర్భిణులకు మాసములు నిండుకొలది ముక్కు తనంతట బిగియుట సహజము. వారు వైద్యుని యడుగక ఏ మందును వాడరాదు.

వాసన తెలియకుండుటను చాలమంది గణింపరు. ఇంగువ పోపు వేసినను వాసన రాకుండుట, పాలు మాడినను తెలియకుండుట దీర్ఘకాలపు సైనసు వ్యాధికి గుర్తు కావచ్చును. వంటగ్యాసు కారినపుడు మనకు తెలియుటకై అందులో దుర్గంధ ద్రవ్యము కలుపుదురు. ముక్కు చచ్చిన యిల్లాలికి ఆ హెచ్చరిక యందదు. కావున వాసన పోయినదని ఇంటివారికి చెప్పవలెను, వైద్యునికి చూపవలెను.

ఇక ఆలస్యము చేయరాని గుర్తులు. ఈ గదులకు ఒక వైపున కన్నును, మరియొక వైపున మెదడును ఇరుగుపొరుగుగా నున్నవి. కనురెప్ప వాచి ఎఱ్ఱబారుట, కన్ను ముందుకు పొడుచుకొని వచ్చుట, ఒకటి రెండుగా కనబడుట, నుదురు మెత్తగా ఉబ్బుట, మెడ బిగియుట, తీవ్ర జ్వరముతో మాట తడబడుట, మైకము క్రమ్ముట: ఇందు ఏ యొక్కటి కనబడినను అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను. 2021వ సంవత్సరపు వేసవిని మనము మరువజాలము. కోవిడు నుండి కోలుకొనుచున్న వారిలో, ముఖ్యముగా మధుమేహము గలవారికిని స్టెరాయిడులు వాడినవారికిని, బ్లాక్ ఫంగసు సోకెను. అది ముక్కులో మొదలై ఈ గదులగుండా కంటికిని మెదడునకును ప్రాకెడిది. హైదరాబాదున కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి అప్పుడు అట్టి రోగులతో నిండిపోయెను. ఒక వైపు బుగ్గ నొప్పియు తిమ్మిరియు, ముక్కునుండి నల్లని స్రావము, పండ్లు కదలుట దాని తొలి గుర్తులు. త్వరగా వచ్చినవారిలో పలువురు బ్రదికిరి. పడిశమే యని కాలయాపన చేసినవారిలో కొందరు కన్నును, కొందరు ప్రాణమును పోగొట్టుకొనిరి. ఆ వెల్లువ తగ్గినను మధుమేహము గలవారికి ఆ ప్రమాదము నేటికిని కలదు. కావున చక్కెర వ్యాధి గలవారు ముఖము నొప్పిని ఒక్క దినమైనను ఉపేక్షింపరాదు.

తరచు బాధపడు సోదరీమణులు ఒక చిన్న పని చేయుడు. పాల లెక్క వ్రాయు క్యాలెండరు మీదనే తలనొప్పి వచ్చిన దినమున ఒక గుర్తు పెట్టుడు. ప్రక్కనే నాలుగు ముక్కలు వ్రాయుడు: ఏ వేళ వచ్చినది, ఏ వైపున వచ్చినది, ముక్కు ఎట్లున్నది, ఏ బిళ్ల మ్రింగితిని. నెలసరి దినములను కూడ గుర్తింపుడు. రెండు మూడు మాసముల లెక్కను వైద్యుని ముందు పెట్టుడు. "నాకు సైనసు ఉన్నది" యని చెప్పుటకు మారు "నా నొప్పి యిట్లున్నది" యని చెప్పుడు. పేరు పెట్టుట ఆయన పని. వర్ణించుట మన పని. ఆయన తొందరపడినచో మరల నడుగుటకు వెనుదీయకుడు.

భోగికి ముందు ఇంటి బూజు దులుపు దినములు వచ్చుచున్నవి. ధూళికి తుమ్ములును పడిశమును వచ్చువారు ముక్కునకు తడిగుడ్డ కట్టుకొని దులుపుడు. సాధ్యమైనచో ఆ పనిని ఇంటిలోని మగపిల్లలకు అప్పగింపుడు. వారి చేతులును చీపురు పట్టనేర్చినవే. ఈ యేడు మీ ముక్కు చెప్పు మాటలను మీరు వినుడు, మీ యింటివారికిని వినిపింపుడు.